సంగీత పత్రిక ముఖచిత్రం: మీ పాఠకుడి చెయ్యి దాని మీదే ఆగాలంటే

రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్ ముందు ఐదు నిమిషాలు నిలబడి గమనించండి. పత్రికలు తాడుకు క్లిప్పులతో ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. చాలావాటికి పైన నాలుగు వేళ్ల మేర తప్ప ఏమీ కనిపించదు. బల్ల మీద పరిచినవి ఒకదాన్నొకటి కప్పుకుని ఎడమ అంచు మాత్రమే చూపిస్తాయి. ఫోన్‌లోనైతే మీ కవర్ బొటనవేలంత. ఎక్కడైనా సరే, వచ్చేపోయేవాళ్లు మీకిచ్చేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త సమయంలో మీ పాఠకుడికి రెండు సంగతులు తోచాలి: ఇది నా పత్రిక, ఇందులో నాకు తెలియనిది ఒకటుంది. మొదటిది ముఖం, రంగు, అక్షరం చెబుతాయి. రెండోది మాటలు చెబుతాయి. అంటే కవర్ మీద బొమ్మ తెలిసినదై ఉండాలి, మాట కొత్తదై ఉండాలి. రెండూ తెలిసినవైతే పాత సంచిక అనుకుంటారు. రెండూ కొత్తవైతే తమది కాదనుకుని కదిలిపోతారు.

పని తేలిగ్గా అర్థం కావడానికి ఒక పత్రికను ఊహించుకుందాం. పేరు 'పల్లవి'. ఏ4 సైజు, 64 పేజీలు, ధర ₹60. సినిమాకు బయట సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునే 17 నుంచి 24 ఏళ్ల తెలుగువాళ్ల కోసం.

ముందు ఒక్క మనిషిని రాసుకోండి

"మా పాఠకులు యువత" అని రాసుకుంటే కవర్ వేసేవాడికి ఏమీ దొరకదు. ఒక్క మనిషి గురించి అర పేజీ రాయండి. ఉదాహరణకు: హనుమకొండలో హాస్టల్లో ఉండే 19 ఏళ్ల అమ్మాయి, బీటెక్ రెండో ఏడు. యూకలేలే అనే చిన్న గిటారు మీద నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వచ్చు. రాత్రి పదకొండు దాటాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటుంది. సొంతంగా రెండు పాటలు రాసుకుంది, ఎవరికీ వినిపించలేదు. సినిమా పాటల పోటీలంటే ఆసక్తి లేదు. ఇంత రాసుకున్నాక కవర్ మీద ఏముండాలో సగం తేలిపోతుంది. చేతిలో ట్రోఫీతో నవ్వే గాయకుడి ఫోటో ఈ అమ్మాయికి పనికిరాదు. గదిలో మంచం మీద కూర్చుని ఫోన్‌లో పాట రికార్డ్ చేసుకుంటున్న మనిషి పనికొస్తుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వేసుకోండి: డబ్బిచ్చేది ఎవరు? కర్ణాటక సంగీతం నేర్చుకునే పన్నెండేళ్ల పిల్లల కోసం పత్రిక వేస్తుంటే, చదివేది పిల్ల, కొనేది వాళ్లమ్మ. అప్పుడు ఒకే కవర్ ఇద్దరితో మాట్లాడాలి. బొమ్మ పిల్లకు, పైన సన్నటి పట్టీ అమ్మకు. "సర్టిఫికెట్ పరీక్షకు 20 ప్రశ్నలు, జవాబులతో" అన్న వాక్యం ఆ పట్టీలో ఉంటే అమ్మ పర్సు తెరుస్తుంది. అదే వాక్యాన్ని మధ్యలో పెద్దగా వేస్తే పిల్ల పత్రికను ముట్టుకోదు.

ఒకే సంగీతానికి ఇద్దరు వేర్వేరు పాఠకులుంటే కవర్ ఎంత మారుతుందో బ్రిటన్ పత్రికలు చూస్తే తెలుస్తుంది. 1981లో 'సౌండ్స్' అనే వారపత్రికకు అనుబంధంగా మొదలైన 'కెరాంగ్!' హెవీ మెటల్ అనే గట్టి మోతల రాక్ సంగీతం వినే కుర్రాళ్ల కోసం. ఆ పేరే ఎలక్ట్రిక్ గిటార్ తీగల మీద చెయ్యి విసిరితే వచ్చే మోత. లోగో అక్షరాలు పగిలిన అద్దంలా చీలికలతో ఉంటాయి. కవర్ నిండా బొమ్మలు, అరుపు గుర్తులు, లోపల దొరికే పోస్టర్ల జాబితా. ఆ కిక్కిరిసిన గోల ఆ సంగీతానిదే. 1993లో వచ్చిన 'మోజో' కూడా రాక్ సంగీతానిదే, కానీ రికార్డులు దాచుకునే వయసు వాళ్లది. అక్కడ పాత కాలపు ఫోటో, నెమ్మదైన రంగులు, కవర్‌కు అంటించిన ఉచిత సీడీ. రెండు కవర్లూ తారుమారు చేస్తే ఏ పాఠకుడూ తన పత్రికను గుర్తుపట్టడు.

మీరు చేయాల్సింది: మీ ఊహలోని పాఠకురాలు ఇప్పటికే ఇష్టంగా చూస్తున్న పది బొమ్మలు పోగుచేయండి. పత్రికలే కానక్కర్లేదు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, కచేరీ పోస్టర్లు, ఆల్బమ్ బొమ్మలు, టీషర్టులు ఏవైనా సరే. అన్నీ ఒక కాగితం మీద అంటించి రంగులు, ముఖం ఎంత పెద్దగా ఉంది, అక్షరాల తీరు, వాడిన మాటలు పక్కన రాయండి. ఎక్కువ వాటిలో కనిపించే రెండు లక్షణాలు తీసుకోండి, ఒకటి కావాలని మార్చండి. అన్నీ తీసుకుంటే మీ పత్రిక గుంపులో కలిసిపోతుంది.

పేరు, దాని అక్షరాలు

పైన పెద్దగా ఉండే పత్రిక పేరును మాస్ట్‌హెడ్ అంటారు. మన దేశంలో నియమిత కాల పత్రిక అమ్మాలంటే ముందు పేరు ఖరారు చేయించుకోవాలి. ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం, 2023 ప్రకారం ఈ పని ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర ఆన్‌లైన్‌లో జరుగుతుంది. పేరు దొరక్క ముందే లోగో గీయించుకుని డబ్బు పోగొట్టుకోకండి. ఒకటికి నాలుగు పేర్లు సిద్ధంగా పెట్టుకోండి.

తెలుగు మాస్ట్‌హెడ్‌కు ఇంగ్లిష్‌లో లేని ఇబ్బంది ఒకటుంది. రోమన్ అక్షరాల కింది సగం కప్పేసినా పైసగం చూసి చదివేయవచ్చు. అందుకే విదేశీ పత్రికలు గాయకుడి తలను ధైర్యంగా పేరు మీదికి ఎక్కిస్తాయి. తెలుగులో అర్థం పైనా ఉంటుంది, కిందా ఉంటుంది. గుడి, కొమ్ము పైన లేదా పక్కన, వత్తులు కింద. తల కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి ముందు మింగేది వత్తునే. 'పల్లవి'లో నడిమి అక్షరం కింద ల వత్తు ఉంది. నిలువు ఫోటోలో తల కూడా సరిగ్గా నడిమికే వస్తుంది. అజాగ్రత్తగా ఉంటే పత్రిక పేరు 'పలవి' అవుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, మనిషిని కుడివైపుకు జరిపి తలను 'వి' కిందికి తేవడం. రెండు, వత్తును మామూలుగా కిందికి వేలాడదీయకుండా లోగోలోనే చిన్నదిగా, అక్షరం పొట్టకు దగ్గరగా గీయించడం. మూడు, వత్తు లేని పేరు ఎంచుకోవడం, లేదా వత్తు మొదటి అక్షరంలో ఉన్న పేరు ఎంచుకోవడం. 'స్వరం' లాంటి పేరుకు వత్తు ఎడమ మూలన ఉంటుంది, తల అక్కడికి రాదు. కొత్త పత్రికకైతే మొదటి ఆరు సంచికలు పేరును అసలు ఏదీ తాకకుండా ఉంచడమే మంచిది. పేరు జనం కళ్లలో పడ్డాకే దాన్ని కప్పే హక్కు వస్తుంది.

ఎత్తు ఎంత? ఏ4 పేజీ 297 మి.మీ. పొడవు. వత్తుతో కలిపి 50 నుంచి 60 మి.మీ. ఇవ్వండి. పేరు నాలుగక్షరాలు దాటితే వెడల్పు సరిపోక ఎత్తు తగ్గించాల్సి వస్తుంది, వేలాడదీసినప్పుడు కనిపించే పట్టీలో బలం పోతుంది. పొట్టి పేరు మేలనేది అందుకే.

అక్షరాల తీరు పాఠకుడు ఇంతకు ముందు ఎక్కడ చూశాడో అక్కడి నుంచి రావాలి. 1967లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' అనే సంగీత పత్రిక మొదలైనప్పుడు లోగో గీసింది రిక్ గ్రిఫిన్, ఆ ఊరి కచేరీ పోస్టర్లు వేసే చిత్రకారుడు. కచేరీలకు వెళ్లే కుర్రకారుకు ఆ మెలికల అక్షరాలు అప్పటికే అలవాటు. మన దగ్గర బాపు గారి అక్షరాలు చూడగానే యాభై దాటినవాళ్లకు ఇంటి మనిషిని చూసినట్టుంటుంది. లలిత సంగీతం, పాత పాటల పత్రికకు అంతకన్నా మంచి దారి లేదు. హాస్టల్లో ఉన్న అమ్మాయికి మాత్రం అవే అక్షరాలు శుభలేఖను గుర్తుచేస్తాయి. ఆమెకు గోడల మీద కుంచెతో రాసిన లావు అక్షరాల తీరు, లేదా పెన్నుతో నోట్‌బుక్కులో రాసుకున్నట్టుండే అక్షరం దగ్గరగా ఉంటుంది.

లోగో కోసం ఫాంటును ఉన్నది ఉన్నట్టు వాడకండి. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర బాగా లావుగా ఉంటుంది, రవిప్రకాష్ చేతిరాత ధోరణి, బాలూ తమ్ముడు గుండ్రం, అనేక్ తెలుగులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా రకాలున్నాయి. వీటిలో ఒకటి తీసుకుని, ఆకృతిగా (అవుట్‌లైన్) మార్చి, తలకట్లు, వత్తులు చేత్తో సరిదిద్దుకోండి.

ఫోటో

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ఫోటో బలహీనంగా ఉంటే మిగతావేవీ కవర్‌ను కాపాడలేవు.

మొదటి నిర్ణయం: మనిషి మన వైపు చూడాలా, వద్దా? పాప్, ర్యాప్, సినిమా పాటల పత్రికకు కళ్లు నేరుగా కెమెరాలోకి చూడాలి. స్టాల్ ముందు నడిచేవాళ్లను పిలిచేది ఆ చూపే. కర్ణాటక సంగీత పత్రికకు ఇది పనిచేయదు. వైణికురాలు వీణ పట్టుకుని కెమెరా వైపు చూస్తే అది ఆహ్వాన పత్రిక ఫోటోలా ఉంటుంది. ఆమె చూపు వీణ మెట్ల మీద ఉండాలి, ఎడమచేతి వేలు తీగను లాగుతూ ఉండాలి. రసికుడి కన్ను వెళ్లేది ఆ వేలి మీదికే, స్వరాన్ని ఊపే గమకం అక్కడే పుడుతుంది కనుక. జానపదం పత్రికకైతే డప్పు మీద పుల్ల తగిలిన క్షణం, పాడేవాడి నోరు పూర్తిగా తెరుచుకున్న క్షణం.

రెండోది: ముఖం తెలిసినదా, కాదా? పేరున్న గాయకుడైతే భుజాల పై నుంచి దగ్గరగా తీయండి. 'పల్లవి' లాంటి పత్రికలో ముఖాలు చాలావరకు కొత్తవే. అప్పుడు "తెలిసినది" ముఖంలో కాకుండా చుట్టూ ఉండాలి: హాస్టల్ మంచం, ఇనుప బీరువా, గోడకు మేకు, చేతిలో తనదిలాంటి గిటారు. నడుము దాకా తీయండి, వాయిద్యం కనపడాలి. అమెరికాలో 'ఎక్స్‌ఎక్స్‌ఎల్' అనే హిప్‌హాప్ పత్రిక ఏటా కొత్త ర్యాపర్లను గుంపుగా నిలబెట్టి 'ఫ్రెష్‌మన్ క్లాస్' పేరుతో కవర్ వేస్తుంది. ముఖాలు కొత్తవి, ఆ వరస మాత్రం పాఠకులకు ఏటా అలవాటు. కొత్తవాళ్లను అమ్మడానికి ఇది మంచి పద్ధతి. మీ దగ్గరా ఏటా ఒకే నెలలో, ఒకే తరహాలో అలాంటి కవర్ ఒకటి పెట్టుకోవచ్చు.

తీసేటప్పుడు:

- నిలువుగా తీయండి. తల పైన ఫ్రేములో కనీసం నాలుగో వంతు ఖాళీ వదలండి. లేకపోతే పేరు పెట్టడానికి చోటుండదు, గోడను కంప్యూటర్‌లో సాగదీయాల్సి వస్తుంది.
- మనిషిని గోడకు మీటరున్నర ముందుకు జరపండి. అంటుకుని నిలబడితే నీడ పడి తల చుట్టూ మురికి గీత వస్తుంది, అక్షరాలు దాని మీద చదవబడవు.
- వెలుగు ఒక పక్క నుంచి, కళ్లకన్నా కాస్త ఎత్తు నుంచి రావాలి. ఉదయం కిటికీ వెలుగు చాలు, రెండో పక్క తెల్ల థర్మకోల్ షీట్ పెట్టండి.
- కెమెరాలో అపెర్చర్ (లెన్సు రంధ్రం కొలత) 5.6 నుంచి 8 మధ్య ఉంచండి. ముఖం, వాయిద్యం రెండూ స్పష్టంగా రావాలి. ఫోన్‌తో తీస్తే పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి. అది గిటారు తీగల్ని, బిరడాల్ని, జుట్టు అంచుల్ని తుడిచేస్తుంది.
- వాట్సాప్‌లో పంపిన ఫోటో ముద్రణకు పనికిరాదు. డాక్యుమెంట్‌గా పంపమనండి.

అంచు కోతతో కలిపి ఏ4 కవర్ 216×303 మి.మీ. అంగుళానికి 300 చుక్కల లెక్కన 2551×3579 పిక్సెళ్లు కావాలి. అంతకన్నా చిన్న ఫోటోను సాగదీస్తే కనురెప్పలు మెత్తబడిపోతాయి.

డిజైన్‌కు కుదరలేదని ఫోటోను అద్దంలోలా ఎడమ కుడి ఎప్పుడూ తిప్పకండి. మృదంగంలో కరణి (నల్ల ముద్ద) ఉన్న వలంతల, అంటే కుడి ముఖం, ఎడమచేతి కిందికి పోతుంది, వైణికురాలు ఎడమచేత్తో మీటుతుంది. మామూలు పాఠకుడు గమనించకపోవచ్చు. మీరు ఎవరి కోసం పత్రిక వేస్తున్నారో ఆ పాఠకుడు మాత్రం మొదటి చూపులోనే పట్టేస్తాడు, వీళ్లకు సంగీతం తెలియదని తేల్చుకుంటాడు. అలాగే చర్మాన్ని తెలుపు చేయకండి. వెలుగు సరిచేయడం వేరు, మనిషిని తెల్లబరచడం వేరు. మనవాళ్ల రంగు మనవాళ్లకు తెలుసు, తనలాంటి మనిషిని కవర్ మీద చూడాలనే ఆ అమ్మాయి పత్రిక చేతిలోకి తీసుకుంటుంది.

ఫోటోగ్రాఫర్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ముద్రణ, ఆన్‌లైన్, పోస్టర్ మూడూ విడివిడిగా రాయించుకోండి. సినిమా స్టిల్ అయితే నిర్మాత అనుమతి కావాలి, ఇంటర్నెట్‌లో దొరికిందన్నది అనుమతి కాదు.

మాటలు

కవర్ మీద ఒక పెద్ద శీర్షిక, నాలుగైదు చిన్నవి చాలు. ఏడు దాటితే ఏదీ చదవరు. పెద్దది ఫోటోలో ఉన్న మనిషిదే కావాలి. ఫోటో ఒకరిది, పెద్ద అక్షరాలు ఇంకొకరివి అయితే కన్ను రెండు చోట్ల చిక్కుకుంటుంది.

ప్రతి శీర్షికకూ ఒక పరీక్ష: అది చదివితే లోపల ఏం దొరుకుతుందో చెప్పగలగాలి. "ప్రత్యేక ఇంటర్వ్యూ", "సంగీత ప్రపంచంలో సంచలనం", "మధురమైన జ్ఞాపకాలు" అన్నవి ఏ సంచికకైనా అతుకుతాయి, అందుకే ఏ సంచికకూ పనికిరావు. వాటి బదులు:

'పల్లవి'కి: "₹15,000లో గదిలోనే స్టూడియో", "పాట రాశాను, ట్యూన్ రావట్లేదు: ఐదుగురి జవాబులు", "స్టేజి మీద గొంతు వణికితే".

కర్ణాటక సంగీత పత్రికకు: "తోడిలో గాంధారం ఎందుకు ఊగుతుంది?", "వర్ణం మూడు కాలాల్లో: 40 రోజుల సాధన". ఇక్కడ తోడి ఏ రాగమో కవర్ మీద వివరించకండి. ఆ మాట తెలిసినవాడే మీ పాఠకుడు, తెలిసిన మాట కనపడగానే ఆగుతాడు. పాఠకుణ్ని ఎంచుకునే పనిలో సగం పరిభాష చేస్తుంది. పరిభాషకు భయపడి "సంగీత మెళకువలు" అని రాస్తే ఎవరూ ఆగరు.

పెద్ద శీర్షిక నాలుగు నుంచి ఆరు మాటలు. గాయకుడి నోటి మాటను కొటేషన్‌లో వేయడం బాగా పనిచేస్తుంది, అయితే ఆ మాట లోపల వ్యాసంలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. కవర్ మీద ఒకటి, లోపల మరొకటి అయితే పాఠకుడు ఒక్కసారే మోసపోతాడు, రెండోసారి కొనడు. అంకెలు వాడండి కానీ రెండుకు మించొద్దు, మించితే అంతా అంగడి ధరల పట్టికలా కనపడుతుంది.

మాటలే వద్దనిపించే సందర్భాలు అరుదు. 1980 డిసెంబరు 8న ఫోటోగ్రాఫర్ అనీ లీబోవిట్జ్ తీసిన, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, ఆయన భార్య యోకో ఓనోల ఫోటోను 'రోలింగ్ స్టోన్' 1981 జనవరి 22 సంచికకు ముఖచిత్రంగా వేసింది. ఫోటో తీసిన కొన్ని గంటలకే లెనన్ హత్యకు గురయ్యాడు. కవర్ మీద ఒక్క శీర్షిక కూడా పెట్టలేదు. వార్త అందరికీ తెలుసు, చెప్పడానికి మాట మిగల్లేదు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘం నలభై ఏళ్లలో వచ్చిన కవర్లలో దీన్ని మొదటిదిగా ఎంచింది. ఒక మహా గాయకుడు కన్నుమూసినప్పుడు మీరూ ఇలా చేయవచ్చు. మామూలు నెలలో అందం కోసం చేస్తే అమ్మకం పడిపోతుంది.

అమ్మే చోటును బట్టి కూడా మాటలు మారతాయి. లండన్‌లో 1952లో మొదలైన 'ఎన్‌ఎంఈ' అనే సంగీత పత్రిక 2015 సెప్టెంబరులో ఉచితంగా మారినప్పుడు తొలి ఉచిత సంచిక ముఖచిత్రం పాప్ గాయని రిహానాది. స్టేషన్ల దగ్గర చేతికిచ్చే పత్రికకు ఇండీ రాక్ (పెద్ద కంపెనీలకు బయట వచ్చే రాక్) వినేవాళ్లే కాక దారినపోయే ఎవరైనా పాఠకులే మరి. మీరు కాలేజీ ఫెస్ట్‌లో ఉచితంగా పంచే సంచికకు, స్టాల్‌లో ₹60కి అమ్మే సంచికకు ఒకే కవర్ పెట్టకండి.

ఎక్కడ ఏది

కంప్యూటర్ తెరిచే ముందు ఏ4 కాగితం మీద పెన్సిల్‌తో గీయండి. పై అంచు నుంచి కొలతలు ఇవి. మొదటి 12 మి.మీ.లో సన్నటి పట్టీ, ఒకే వాక్యం. తర్వాత 12 నుంచి 70 వరకు పేరు. మనిషి కళ్లు 95 నుంచి 115 మధ్య పడాలి, అంటే పేజీ పైనుంచి మూడో వంతు దగ్గర. గడ్డం కింద, ఛాతీ మీద 185 నుంచి 235 వరకు పెద్ద శీర్షిక. చిన్న శీర్షికలన్నీ ఎడమ వైపు మూడో వంతులో, అంటే 70 మి.మీ. వెడల్పులో. బల్ల మీద పరిచినప్పుడు మిగిలేది ఆ భాగమే. మృదంగం, గిటారు, చేతులు కుడివైపుకు రావాలి.

ఎడమ అంచు నుంచి కనీసం 12 మి.మీ. వదిలే అక్షరం మొదలుపెట్టండి. జిగురు బైండింగ్ అయితే వెన్ను పక్కన మడత గీత పడుతుంది, దాని మీద పడ్డ అక్షరం విరుగుతుంది. మిగతా మూడు వైపులా 8 మి.మీ. చాలు. బార్‌కోడ్ అసలు కొలత 37.29×25.93 మి.మీ., 80 శాతానికన్నా తగ్గించకూడదు. తెల్ల పెట్టెలో, కింద కుడి మూలన పెట్టండి. ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఆధారంగా వచ్చే పత్రికల బార్‌కోడ్ 977తో మొదలవుతుంది. దాని మీద పారదర్శక రంగులు, గీతలు వేస్తే స్కానర్ చదవదు.

అక్షరాలు, రంగులు

ఫాంట్లు రెండే. లోగో లెక్కలోకి రాదు. పెద్ద శీర్షిక 48 నుంచి 72 పాయింట్లు, చిన్నవి 20 నుంచి 26, వాటి కింద వివరం 13 లేదా 14. ఇంగ్లిష్ మూసల్లోని కొలతల్ని నేరుగా తెలుగుకు వాడితే అక్షరం చిన్నగా కనిపిస్తుంది. వరసల మధ్య దూరం అక్షరం కొలతకు 1.3 రెట్లకు తగ్గనివ్వకండి. తగ్గితే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. రెండు వరసల్లో అవి తగులుతుంటే దూరం పెంచే ముందు మాటలు అటూఇటూ మార్చి చూడండి, చాలాసార్లు అదే చాలు.

పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు విడిపోయి, వత్తులు పక్కకు పడుతుంటే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఫొటోషాప్‌లో టైప్ ప్రిఫరెన్సుల్లో అదే ఉంటుంది. పాత పేజ్‌మేకర్‌లో యూనికోడ్ నడవదు, అక్కడ అను ఫాంట్లే. అక్షరాల మధ్య దూరం సాగదీసే అలవాటు తెలుగులో మానండి, గుణింతం గుర్తులు అక్షరం నుంచి ఊడినట్టు కనిపిస్తాయి.

రంగులు మూడు: ఫోటోలోంచి తీసుకున్నది ఒకటి, దానికి ఎదురుగా నిలిచేది ఒకటి, నలుపు లేదా తెలుపు. తెరమీద మెరిసే నియాన్ రంగులు నాలుగు రంగుల (సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు) ముద్రణలో రావు, మట్టిబారతాయి. నీలంలో సయాన్ 100 శాతం ఉంటే మెజెంటా 70 శాతం దాటనివ్వకండి, లేకపోతే వంకాయ రంగు వస్తుంది. పెద్ద నల్ల నేపథ్యానికి సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 వేయండి. ఉత్త నలుపు 100 బూడిదలా ఉంటుంది. చిన్న నల్ల అక్షరాలకు మాత్రం ఉత్త నలుపే, నాలుగు రంగులు కలిస్తే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి పడే చోటు) కాస్త జరిగినా అక్షరం రెండుగా కనిపిస్తుంది. ముదురు రంగు మీద తెల్ల అక్షరం సన్న ఫాంటులో వేస్తే సిరా పాకి గుండ్రాలు మూసుకుపోతాయి. కనీసం 14 పాయింట్లు, లావు అక్షరం వాడండి.

ప్రెస్‌కు పంపే ముందు పరీక్ష

రంగు ప్రింటు తీసి గోడకు అంటించి రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. పేరు, కళ్లు, పెద్ద శీర్షిక ఆ వరసలో కంటికి తగలాలి. తర్వాత అదే బొమ్మను ఫోన్‌లో 120 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి చూడండి. పేరు చదవగలిగితే చాలు, శీర్షికలు చదవబడకపోయినా పర్లేదు. మూడోసారి నలుపు తెలుపుగా మార్చి చూడండి. అక్షరం నేపథ్యంలో కలిసిపోతే రంగు తేడా ఉంది కానీ వెలుగు తేడా లేదన్నమాట.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మీ స్నేహితులు కాని, మీరు రాసుకున్న పాఠకురాలిలాంటి ఐదుగురికి, మరో నాలుగు పత్రికల మధ్య పెట్టి మూడు సెకన్లు చూపించి మూసేయండి. మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి కోసం? లోపల ఏముంది? పేరేమిటి? బాగుందా అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. ఐదుగురిలో ముగ్గురు మొదటి ప్రశ్నకు తప్పు చెబితే తప్పు ఫోటోలో ఉంది. రెండోదానికి తడబడితే శీర్షికలో ఉంది. మూడోది చెప్పలేకపోతే లోగో చిన్నదైనా అయ్యుంటుంది, తల దాన్ని మింగేసైనా ఉంటుంది.

ప్రెస్‌కు పంపే పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలన్నీ ఆకృతులుగా మార్చండి, మార్చని ప్రతి ఒకటి మీ దగ్గర దాచుకోండి. ప్రెస్ కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోతే దీర్ఘాలు ఎగిరిపోతాయి. నాలుగు వైపులా 3 మి.మీ. అంచు ఇవ్వండి. 64 పేజీల పత్రికకు మధ్య పిన్ను చాలు. జిగురు బైండింగ్ అయితే వెన్ను మందం అడిగి తెలుసుకోండి: ప్రెస్‌లో వాడే కాగితం వంద షీట్లు కలిపి కొలిపించి లెక్క వేయండి. కవర్‌కు 200 నుంచి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఆర్ట్ కాగితం. మెరిసే (గ్లాసీ) లామినేషన్ రంగును లేపుతుంది కానీ స్టాల్‌లో ట్యూబ్‌లైటు కింద ఎడమవైపు మాటలు మెరుపులో పోతాయి. మెరుపు లేని మ్యాట్ చేతికి బాగుంటుంది, ముదురు రంగులు కాస్త చప్పబడతాయి, నల్ల మ్యాట్ మీద వేలిముద్రలు నిలుస్తాయి. నల్ల కవర్ కాకపోతే మ్యాట్ తీసుకోండి.

సంచిక బయటికి వెళ్లాక ప్రతి స్టాల్‌కు ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి కవర్ చిన్న బొమ్మ పక్కన రాసి పెట్టుకోండి. తర్వాతి సంచికకు ఒక్క అంశమే మార్చండి: చూపు, రంగు, పెద్ద శీర్షిక తీరు, వీటిలో ఒకటి. రెండు మూడు ఒకేసారి మారిస్తే అమ్మకం పెరిగినా తగ్గినా దేనివల్లో తెలియదు. పరీక్షలు, పండగలు ఉన్న నెలల్ని మామూలు నెలలతో పోల్చకండి, పోయినేడు అదే నెలతో పోల్చండి.